ఆరు మూతలు

అన్నా ఒనోఫ్రే,

ఇక్కడ మేము క్షేమం, అక్కడ నువ్వూ నీ కూతురు జెనైదా క్షేమమని తలుస్తాను. ఈ ముక్క లేకపోతే ఉత్తరమే కాదని నీ మరదలు యుఫేలియా పక్కనే కాపలా కూర్చుంది. రాశాను. ఇక అసలు మాట.

నువ్వు ఏనాడూ నా చేతికి పానా ఇవ్వలేదు. నాన్న పోయాక పికప్ ట్రక్కు మనిద్దరిదీ అన్నారు. నడిపేది నేను, విప్పేది నువ్వు. దాని కింద దూరినప్పుడల్లా నా చేతిలో లాంతరు పెట్టి, "కదలకురా దెల్ఫీనో, వెలుతురు ఊగుతోంది" అనేవాడివి. ఒక్క నట్టు తిప్పుతానంటే, "నీ చేతికి సున్నితం లేదు, పాడు చేస్తావు" అనేవాడివి. నాకు డెబ్బై రెండు నిండాయి. ఊళ్ళో ఇప్పటికీ నేను లాంతరు పట్టేవాణ్ణే. ఇది ఎన్నేళ్ళుగా నా కడుపులో ఉందో నీకు తెలియదు. ఇప్పుడు తెలుసుకో.

నీ ఉత్తరం అందింది. ఎడమ చేత్తో రాయడం వల్ల అక్షరాలు ఒరిగాయిగానీ తిట్లు నిటారుగానే ఉన్నాయి. అడిగినవాటికి చెబుతాను. యుఫేలియా మోకాలు అలాగే ఉంది. చలి తగ్గితే తగ్గుతుందంటుంది, చలి తగ్గడం లేదు. ఆప్రికాట్ చెట్లు పూశాయి, పూసిన వారానికే మంచు మాడ్చేసింది. కాలువ పూడిక తీతకు మన ఇంటి తరఫున నేనే పార పట్టాను. మధ్యాహ్నానికి నడుం పట్టేసి గట్టు మీద కూర్చుండిపోయాను, ఎవరూ ఏమీ అనలేదు. అనకపోవడమే బాధ.

ట్రక్కు ఇంజను ఆయిలు పాలు కలిపిన కాఫీలా ఉందా అని అడిగావు. లేదు, నల్లగానే ఉంది. వేళ్ళ మధ్య రుద్దితే చేప పొలుసులా మెరిసే పొడి తగులుతోంది. బేరింగులు పోయాయి, పాత ఇనుముకు ఇచ్చెయ్ అంటావు. ఓనమాలు రానివాడు ఇంజను విప్పి కట్టాలని అనుకోవడమే తప్పని కూడా రాశావు. చదివాను. రెండుసార్లు చదివాను.

ఈ ఏడు పండుగ పెద్ద ఫకుందో. మొన్న వచ్చి కంచె మీద మోచేతులు ఆనించాడు.

"ఏం పెద్దాయనా, బండిని దిమ్మల మీదికి ఎక్కించావు, కోళ్ళను పొదగేశావా?"

"పొదగేశాను. పిల్లలన్నీ నీ పోలికే వచ్చాయి," అన్నాను.

"కోప్పడకు. సాన్ ఇసిద్రో ఊరేగింపు దగ్గరికొస్తోంది. మీ బండి లేవకపోతే నా తెల్లబండి ఉంది. కుదుపులుండవు, స్వామికి నడుం నొప్పి రాదు."

"ఆయన నాగలి పట్టి దున్నేవాడు. ఆయన నడుం సంగతి నీకెందుకు?"

నవ్వుతూ వెళ్ళాడు. నాకు నవ్వు రాలేదు. నాన్న కాలం నుంచి సాన్ ఇసిద్రో స్వామి విగ్రహం ఏటా పొలాలు చూడ్డానికి మన ట్రక్కు మీద నిలబడే బయలుదేరింది. నడిపేది నేను, పక్కన కూర్చుని ఇంజను చప్పుడు వినేది నువ్వు.

ఇప్పుడు దాచిన సంగతి. ఇంజను విప్పుదామా అని ఆలోచిస్తున్నానని పోయినసారి రాశాను. అది రాసేనాటికే దించేశాను. షెడ్డు దూలానికి చైను కప్పీ వేలాడదీసి, యుఫేలియా గొలుసు పట్టుకోగా కిందికి దించాను. "బావగారికి చెప్పారా?" అని అది అడుగుతూనే ఉంది. పిస్టన్లు ఊడదీశాను. పిస్టన్ కాడలను క్రాంకు ఇరుసుకు పట్టి ఉంచే మూతలు ఆరూ విప్పి, కాడలతో సహా ఒకే తొట్టి కిరోసిన్‌లో బంగాళాదుంపల్లా పడేశాను. శుభ్రంగా కడుగుతున్నానని గర్వం. బేరింగులకు పోతే కొట్టు మనిషి అడిగాడు: "ఏ మూత ఏ కాడదో గుర్తు పెట్టుకున్నావు కదా? మారితే క్రాంకు పట్టేస్తుంది." పెట్టుకున్నానన్నాను. ఇంటికొచ్చి తొట్టి ముందు కూర్చున్నాను. ఆరూ ఒక్కలాగే నన్ను చూశాయి.

యుఫేలియా తుడుస్తూ, "ఈ మూతల మీద గీతలున్నాయి, గోటికి తగులుతున్నాయి చూడండి," అంది. పూర్వం ఇంజను విప్పినప్పుడు నువ్వు ఆకురాయితో పెట్టిన గీతలు, కాడల మీద మాత్రం ఏ గుర్తూ లేదు. ఒకదానికి మూల, ఒకదానికి పక్కన, ఒకదానికి ఏటవాలుగా. ఏ గీత దేనికో నీకు తప్ప ఎవరికీ తెలియదు. ఎవరికీ చెప్పింది లేదుగా నువ్వు.

కాగితం మీద గీసి పంపుతాననకు. నువ్వు గీస్తే ఆవేదో గుర్రమేదో తెలియదు. పడిపోయింది నీ కుడి చెయ్యి, ఎడమ చేతి వేళ్ళు కావు. వచ్చి తడిమి చెప్పు.

నేను అలసిపోయాను అన్నా. షెడ్డు నేల చల్లగా ఉంటోంది, లేవాలంటే చక్రం పట్టుకుని లేవాలి. వదిలెయ్ అని అందరూ అంటున్నారు. నీ మూతి వంకర పోయి జెనైదా నిన్ను ప్యూబ్లో పట్టణానికి తన దగ్గరికి తీసుకెళ్ళిన వారమే ఇదీ కూలబడింది. ఇద్దరినీ ఒకేసారి వదిలెయ్యడం నా వల్ల కాలేదు.

ఎవరి బండో ఫకుందో ఏప్రిల్ ఆఖరి ఆదివారం పూజ కాగానే చర్చి ముందు చెప్పేస్తాడు. దానికి ముందు శుక్రవారం లోపల వస్తావో రావో నాకు జవాబు కావాలి. జెనైదాకు సెలవు లేకపోతే చెప్పు, బస్సు దగ్గరికి నేనే వస్తాను. జవాబు రాకపోతే శనివారం పొద్దున్నే చేతికి దొరికిన మూత దొరికిన కాడకు బిగించేస్తాను. క్రాంకు పట్టేస్తే పాపం నీదే.

వస్తే షెడ్డులో నీకు కుర్చీ వేస్తాను, కాళ్ళ మీద దుప్పటి కప్పుతాను. పానా మాత్రం ఇవ్వను. ఎడమ చేత్తో లాంతరు పట్టుకోవచ్చు. కదలకూడదు.

ఇట్లు,
ఇన్నాళ్ళూ వెలుతురు ఊగకుండా పట్టిన నీ తమ్ముడు
దెల్ఫీనో