తలోవాకి నడుము లేదు

తలోవా, 6 మార్చి 1999

ప్రియమైన రాజు గారికి,

క్షేమంగా చేరాను. పసిఫిక్ మధ్యలో ఉన్న ఈ దేశం మొత్తం జనాభా రెండువేల నూట నలభై. సింగపూర్లో మన యూ టీ పేటలో నాలుగు బ్లాకులు దులిపితే ఇంతకంటే ఎక్కువమంది రాలతారు! జనాభా లెక్కలకి సలహాలివ్వమని పిలిచారు గానీ, ఇంటింటికీ నేనే తిరుగుతున్నాను. వయసులవారీ అంకెలు ఫ్లాపీలో పంపుతున్నాను. మగవాళ్లు ఒకపక్క, ఆడవాళ్లు ఒకపక్క, పిల్లలు అడుగున, ముసలివాళ్లు పైన ఉండేలా పటం గీసిపెట్టండి. ప్రోగ్రామరు మొగుడుండి ఇదైనా చేయించుకోకపోతే ఎలా?

ఇంకో మాట. ఈ ఆరు నెలల పనీ అయ్యాక మరో రెండేళ్లు ఉండమంటున్నారు. జూలై నెలాఖరులోగా చెప్పాలి. పని చాలా నచ్చింది. మిమ్మల్ని వదిలి ఉండటమే నచ్చలేదు. ఏం చెప్పమంటారు?

ఈమెయిలు వద్దు. తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో చదివితే మీరు మాట్లాడినట్టుండదు.

మీ అరుంధతి

యూ టీ, 10 ఏప్రిల్

ప్రియమైన అరూ,

పటం పంపుతున్నాను, నా కష్టం గుర్తించు. పాతికకీ నలభైకీ మధ్య మగవాళ్ల గీతలు మరీ పొట్టిగా వచ్చాయి. నా ప్రోగ్రాములోనే పొరపాటనుకుని రెండు ఆదివారాలు తల బద్దలు కొట్టుకున్నాను. చివరికి పైనా కిందా ఉన్న అంకెల సగటు తీసి పూడ్చేశాను. ఇప్పుడు ముచ్చటగా ఉంది.

ఏడాదిని రెండంకెల్లో రాసి, 2000 వస్తే 1900 అనుకునే పాత ప్రోగ్రాములన్నీ జనవరిలోగా సరిచెయ్యాలని ఆఫీసులో ఒకటే పరుగులు. నువ్వెళ్లాక మన ఫ్లాట్‌లో అద్దె పంచుకోవడానికి దానయ్య, ఓబయ్య చేరారు, ఇద్దరూ పెళ్లాం పిల్లల్ని ఊళ్లో వదిలొచ్చినవాళ్లే. వంట దానయ్యది.

రెండేళ్ల సంగతంటావా, నన్నడిగితే వద్దంటాను. కానీ పని నచ్చిందని నువ్వు రాసింది చదివాక వద్దనడానికి చెయ్యి రావడం లేదు.

నీ రాజు

తలోవా, 15 మే

ప్రియమైన రాజు గారికి,

మీ పటం చూసి ఆఫీసంతా పడీ పడీ నవ్వింది. రెండు ఆదివారాల్లో నూటపన్నెండుమంది మగవాళ్లని పుట్టించారు! ప్రోగ్రాము తప్పు కాదండీ, వాళ్లు నిజంగానే లేరు. న్యూజిలాండ్‌కి పనులకెళ్లిపోయారు. ఆ నడుము మళ్లీ ఖాళీ చేసి పంపండి.

నిన్న సినా అనే అవ్వ ఇంట్లో వివరాలు రాసుకుంటుంటే, "మీ ఆయనెక్కడ?" అంది. సింగపూర్లో ఉద్యోగమన్నాను. "అయ్యో, నీకూ అంతేనా తల్లీ" అని చెయ్యి పట్టుకుంది. నాకు ఏడుపాగలేదు. మీరొక్క మాటంటే వచ్చేస్తాను.

మీ అరుంధతి

యూ టీ, 20 జూన్

ప్రియమైన అరూ,

దిద్దిన పటం ఇదిగో. నిన్న మా ఫ్లాట్‌కీ ఒకటి గీశాను. పైన పెద్దవాళ్లు లేరు, అడుగున పిల్లలు లేరు, ఉన్నదంతా నడుమే. దానయ్య చూసి, "ఒరేయ్, ఇది కుటుంబం కాదురా, వడ్డాణం" అన్నాడు. నవ్వలేక పొలమారింది. తర్వాత ముగ్గురం ఎవరింటికి వాళ్లం ఉత్తరాలు మొదలుపెట్టాం.

రెండేళ్లకీ ఒప్పేసుకో. కారణం అడక్కు.

నీ రాజు

తలోవా, 24 జూలై

రాజు గారికి,

ఈసారి 'ప్రియమైన' రాయను. ఒప్పేసుకున్నాను. సంతోషమేనా? మీకేం, వంటకి దానయ్య ఉన్నాడు. నేను లేని లోటేం తెలుస్తుంది? సినా అవ్వ మీ గురించి అడుగుతుందేమోనని ఆ వీధి తప్పించుకుని తిరుగుతున్నాను.

అరుంధతి

పడవలో, 19 ఆగస్టు

ప్రియాతిప్రియమైన అరూ,

తిట్టుకున్నది చాలు. మీ ప్రభుత్వానికి కంప్యూటర్లు తొమ్మిదట. వచ్చే ఏడాది రెండువేలు అని వాటికెవరూ చెప్పలేదట. నీ మే నెల ఉత్తరం చదివిన రోజే, నేనొచ్చి చూసిపెడతానని మీ ఆఫీసుకి ఫ్యాక్సు పంపాను. వెంటనే రమ్మన్నారు. బడిలో పిల్లలకి కంప్యూటరు కూడా నేర్పమన్నారు, రెండేళ్లు. వీసా చేతికొచ్చేదాకా నీకు ఆశపెట్టడం ఇష్టంలేక నోరు మూసుకున్నాను. నీకు చెప్పొద్దని, పడవ వచ్చేరోజు ఏదో సాకుతో నిన్ను రేవుకి తీసుకురమ్మని మీ ఆఫీసువాళ్లని బతిమాలాను. అంత చిన్న దేశంలో నీకొక్కదానికే తెలియలేదంటే వాళ్లు సామాన్యులు కారు.

రాజీనామా ఇస్తే మా మేనేజరు, "అందరూ ఇటొస్తుంటే నువ్వటు పోతావేం?" అన్నాడు. "అక్కడ మా ఆవిడ ఉందండీ" అన్నాను.

తపాలా సంచీ కూడా ఈ పడవలోనే ఉంది. ఉత్తరాన్ని అందులో వెయ్యబోయి, ఎందుకులే అని జేబులో పెట్టుకున్నాను. రేవులో ముందు నన్ను చూడు. దీన్ని తర్వాత తీరిగ్గా చదువుకుందువు గాని.

నీ రాజు