మిరప ఘాటు, ఆయన దగ్గు

మంగళవారం రాత్రి

పద్మనాభం ఊరి నుంచి తమ్ముడు వచ్చాడు. మెట్లెక్కుతూనే తుమ్ములు మొదలు.

"ఈ ఘాటులో ఎలాగుంతన్నారక్కా?" అన్నాడు.

ఏ ఘాటు అని అడిగాను. కింద మా ఎండుమిరపకాయల కొట్టు, పైన మేము. పూర్ణా మార్కెట్‌కి కాపురానికొచ్చిన కొత్తలో నేనూ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకునే వంట చేసేదాన్ని. ఎప్పుడు మానేశానో గుర్తు లేదు.

నర్సింగ్ చదువుతున్న మా అమ్మాయి నవ్వింది. "మెదడు అంతేనమ్మా. రోజూ ఉన్నదాన్ని పట్టించుకోదు. కొత్తదొస్తేనే సెప్తాది. వాసనైనా, సప్పుడైనా." నిజమే. ఫ్యాను చప్పుడు కరెంటు పోయినప్పుడే తెలుస్తుంది.

భోజనాల దగ్గర తమ్ముడు మళ్ళీ అడిగాడు. "బావకి ఆ దగ్గు ఎప్పట్నుంచక్కా?"

"ఏ దగ్గు?" అనేశాను.

ముగ్గురూ నా వైపు చూశారు. ఆయన అప్పుడే దగ్గి, మంచినీళ్ళ గ్లాసు అందుకుంటున్నారు.

"మిరపకాయల దగ్గే, ఇంకేటీ కాదు. వచ్చే వారం సీతమ్మధార డాక్టరుకి సూపించుకుంతాన్లే," అన్నారు. నేనూ సరే అన్నాను.

ఇది రాస్తుంటే పక్క గదిలోంచి ప్రతి దగ్గూ వినిపిస్తోంది. మిరప ఘాటుకొచ్చే పొడి దగ్గు కూడా కాదు. ఇంత దగ్గు ఇన్నాళ్ళూ నా పక్కనే పడుకుని ఉంటే...

వచ్చే వారం దాకా ఆగితే నా చెవికి మళ్ళీ అలవాటైపోతుంది. రేపు పొద్దున కొట్టు తియ్యనివ్వను.