గుట్టల్లో మల్లవ్వ దొరికింది

చిన్నోడా,

నువ్వు గుట్ట మీద జారిపడి చనిపోయి నేటికి ఏడాది. తప్పిపోయినవాళ్లను వెతకడానికి నీ బదులు ఇప్పుడు మీ బాపు పోతున్నాడు.

నిన్న వానలో మేకలు కాసే మల్లవ్వ పోచారం గుట్టల్లో పడి కాలు విరగ్గొట్టుకుంది. వెతకబోయినవాళ్లంతా డప్పులు కొడుతూ కేకలు వేశారట.

"గిట్ల మొత్తుకుంటే ఆమె మూలుగుడు ఎట్ల ఇనవడతది? ఒక్క దెబ్బ కొట్టి ఊకోండ్రి. నా కొడుకు గట్లనే చేస్తుండె" అని మీ బాపు ఆపాడు.

అప్పుడు బండ కింది నుంచి మూలుగు వినిపించింది. గొంగడిలో మోసుకొస్తుంటే "మెల్లగ, నేనేమన్న జొన్నల మూటనా?" అని తిట్టిందట.

మీ బాపు దిగి వచ్చేదాకా ముద్ద ముట్టకుండా వాకిట్లోనే కూర్చున్నాను. ఇలా ఎదురుచూసే ఓపిక ఇక లేదు బిడ్డా, అయినా పోవద్దని అనలేను.

నీ పేరున జొన్న గటక వండి, పచ్చిపులుసుతో పెట్టాను. కడుపునిండా తిను.