గోపమ్మ మంచం లోపల వేయు విషయమై

కిడ్నీ విభాగం పెద్ద డాక్టరు గారి సముఖమునకు, దేవరకొండ పక్క పల్లె కాపురస్థుడు, గొర్రెల కాపరి లచ్చయ్య, వయసు అరవై ఆరు, వ్రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: నా భార్య గోపమ్మ నా గదిలో పడుకోవచ్చునని కాగితం ఇప్పించుట గురించి.

బడికి పోలేదు. బస్సుల మీది ఊర్ల పేర్లు చూసి చదువు నేర్చినవాడిని. తప్పులుంటే మన్నించవలెను.

1. ఆరేండ్ల కింద తమ దవాఖానలో నాకు కిడ్నీ మార్చినారు. ఇచ్చినది సదరు గోపమ్మయే. ఇంటికి పంపేటప్పుడు అప్పటి పెద్ద డాక్టరు గారు కొన్నాళ్లు వేరే గదిలో ఒక్కడినే పడుకొమ్మన్నారు. ఎన్నాళ్లని మేమూ అడగలేదు. వారు రిటైరైనారు. గోపమ్మ లెక్కలో ఆ కొన్నాళ్లు ఇంకా అయిపోలేదు.

2. పోయిన నెల తమ నర్సమ్మ ఒక కాగితం ముందర పెట్టుకొని, ఎంతసేపటికి నిద్ర పడుతుంది, ఎన్నిసార్లు మెలకువ వస్తుంది అని అడిగింది. రెండు గంటలు, నాలుగుసార్లు అని చెప్పితిని. ఒంటేలుకు లేచుట కొంత, మందు గోళీలు కొంత కారణమని రాసుకొన్నది. గోడ కారణమని రాయడానికి అందులో గడి లేదు.

3. గోడ సంగతి మనవి చేసెదను. నలభై ఏండ్లు మంద వెంట తిరిగితిని. ఎవరి చేనులో మంద ఆపితే ఆ చేనులోనే పడక. రెండువందల గొర్రెలు పక్కన నెమరు వేస్తుంటే వానకు కూడా మెలకువ రాలేదు. డిండి దగ్గర ఒకసారి నక్క వచ్చి నా చెప్పు ఎత్తుకపోయింది. అది వేరే కథ, తమకు తీరిక ఉన్ననాడు చెప్పెదను. గోపమ్మకు నిద్రలో గొర్రెపిల్లలను పేరుపేరునా పిలిచే అలవాటు. అది వింటూ నిద్రపోయేవాడిని. మంద అమ్మి ఆరేండ్లయింది. ఆమె ఇంకా పిలుస్తూనే ఉన్నది. గోడ ఇవతలికి సగం పేర్లే వస్తున్నవి. మిగతా సగం ఏవా అని ఆలోచిస్తుండగానే తెల్లవారుతున్నది.

4. మొన్నటి చెకప్పులో అడిగితే "ఎప్పటినుంచో పడుకోవచ్చు గదా పెద్దాయనా" అని తమరు నవ్వినారు. ఇంటికొచ్చి చెప్పితే గోపమ్మ గడప అవతలనే నిలబడి, మూతికి కొంగు అడ్డం పెట్టుకొన్నది.

"నీ మాట నేనెట్ల నమ్మాలె? డాక్టరు కల్లు తాగమన్నడని గూడ నువ్వే చెప్పినవ్."

"అది పోయినేడు ముచ్చట."

"పోయినేడు అబద్ధమాడినోడు గీయేడు నిజం జెప్తడా? నా పానంల సగం తీసిచ్చిన. నా దగ్గుతోటి నేనే దాన్ని ఖరాబు జేసుకుంటనా?"

కల్లు విషయంలో నేను దోషినే. ఆమె భయంలో దోషం లేదు. నా మాట చెల్లకనే తమ కాగితం కావలసి వచ్చినది.

కావున తమ సంతకం, ముద్రతో ఒక్క ముక్క ఇప్పించ ప్రార్థన. మంచం మూడు గజాల దూరం వేయమన్నా సమ్మతమే. ఆమెకు దగ్గు, జ్వరం ఉన్ననాడు గోడ అవతలనే ఉండగలదు. నిద్ర లేనివాని మనవి గనుక తొందరగా చిత్తగించవలెను.

తమ విధేయుడు,
కాటమయ్య కొడుకు లచ్చయ్య

మరచిన ముక్క: ఇంకా వద్దనేదే తమ ఉత్తర్వు అయితే అదైనా పంపండి. గోపమ్మ పేర పంపండి. ఆమెకు చదువు రాదు. మనుమరాలు అనూహ్య హాస్టల్లో ఉన్నది. ఇంట్లో చదవగలవాడిని నేనొక్కడినే. నన్ను నమ్మదు గనుక గడప దాటి వచ్చి, పక్కన కూర్చొని, అక్షరం అక్షరం మీద వేలు పెట్టించి రెండుసార్లు చదివించుకొంటుంది. జర పొడుగ్గా రాయండి.