అమ్మ తాగని నీళ్లు

అన్నకు, వదినకు తమ్ముడు నర్సింహులు దండాలు పెట్టి రాస్తున్నది. మీరూ పిల్లలూ బాగున్నారని తలుస్తాను.

జహీరాబాద్‌లో వారంగా ముసురు. అల్లం మడుల్లో నీళ్లు నిలిస్తే దుంప కుళ్లుతుందని పటేలు పొద్దంతా మాతో కాలువలు తీయించాడు. ఆ బురద కాళ్లతోనే దవాఖానకు పోయివచ్చి ఇది రాస్తున్నాను.

పట్నంలో అమ్మ తుంటి ఆపరేషన్ బాగానే అయిందని ముందు రాశాను. ఇక్కడి దవాఖానకు తెచ్చాక కుట్లు కూడా మానాయి. మంచం దిగకూడదు, అన్నీ మంచం మీదే. అమ్మ ఎవరినీ ఏదీ అడిగేది కాదు. "మా అత్తతోని ఏ తక్లీఫ్ లేదు" అని నీ మరదలు సత్తెమ్మ మురిసేది. నేనూ మురిశాను.

పక్క మంచంలో కోహీర్ నుంచి వచ్చిన ముసలి ఖాలా ఉంది. మొన్న అమ్మను ఎగతాళి చేసింది: "ఏందమ్మా, నువ్వు నీళ్లు తాగితే నీ కొడుకు జీతంల కోత వెడ్తరా? ఇచ్చినయన్నీ మంచం కింద డబ్బల పారవోస్తవు!"

మాకు అప్పుడు తెలిసింది.

"గిట్లెందుకు చేసినవమ్మా?" అన్నాను.

"తాగితే పోవాలె గద కొడుకా. గింతమంది మగోళ్లు తిరుగుతుంటే మంచం మీద ఎట్ల కూసుంట?"

సత్తెమ్మ ఆ పూటే రెండు చీరలు తెచ్చి మంచం చుట్టూ కట్టింది. ఆ చాటున అమ్మ చెంబెడు నీళ్లు తాగింది. "గీ పని ముందుగాల్నే చెయ్యకపోతివి" అని కోడలిని కసిరింది.

కానీ అప్పటికే జ్వరం పట్టింది. మూత్రం బందయింది. సెలైన్ ఎక్కిస్తున్నారు. "కిడ్నీలు దెబ్బతిన్నయి. పెద్ద కొడుకును పిలిపియ్యుర్రి" అన్నాడు డాక్టరు. అమ్మ నన్ను నీ పేరుతో పిలుస్తోంది. ఎడ్లకు కుడితి పెట్టావా అని అడుగుతోంది. పెట్టానని చెప్పాను.

అన్నా, చేను ఎవరికైనా అప్పజెప్పి బస్సెక్కు. నడుము కింద పుండు పడింది, కొత్త బట్ట ఒరుసుకుంటోంది. ఉతికి మెత్తబడిన పాత చీర ఒకటి తెచ్చిపెట్టు. మా గురించి రంది పడకు, తిండికి లోటు లేదు. చిన్నాయనకు, పెద్దమ్మకు మా దండాలు చెప్పు. మీ దీవెన మాకు ఉండాలి.

నీ తమ్ముడు
నర్సింహులు

ఈ ఉత్తరం ఇంకా పోస్టు డబ్బాలో వేయలేదు. నీకు తంతి ఇచ్చి వచ్చాను. అమ్మ మంగళవారం పొద్దున, సత్తెమ్మ మొహం కడుగుతుండగా పోయింది.