కర్పూరం వాసన వేసే టెలిస్కోప్

పద్మనాభం అంకుల్‌కి,

అరోరా ఊళ్లోని గుడిలో పిల్లలకి చూపిస్తానని మీరు తీసుకెళ్లిన నా టెలిస్కోప్ శనివారం ఇంటికి చేరింది. ఆదివారం సాయంత్రం చందమామని చూస్తే చుట్టూ పాలు ఒలికినట్టు మసక. పక్కనున్న చిన్న చుక్కలన్నీ అందులో మునిగిపోయాయి. ఆకాశంలో మబ్బు తునక లేదు. గొట్టంలోకి టార్చ్ వేస్తే అద్దం మీద సన్నటి మసి కనిపించింది. ఆ కాస్త మసి చాలు, వెలుగు చెదిరి రాకూడని చోటంతా పరుచుకోవడానికి. వాసన చూస్తే కర్పూరం!

కొత్త కారుకి ఇచ్చినట్టు దీనికీ హారతి ఇచ్చారు కదా? ఫోన్‌లో అడిగితే "మూత నేను ముట్టుకోలేదయ్యా" అన్నారు. ఆ "నేను" దగ్గరే నాకు అనుమానం వచ్చింది.

ఆ రోజు మీ వెంట గుడికి వచ్చిన మా అమ్మాయి వేదని నిలదీశాను. "నేనే ఓపెన్ చేశాను డాడీ. దేవుడికి కర్టెన్ తీశాకే కదా హారతి ఇస్తారు?" అంది.

తొమ్మిదేళ్ల పిల్ల. గుళ్లో గంట మోగగానే చెవులు మూసుకుని బయటికి పరుగెత్తే పిల్ల. తెర తీయడం అది ఒక్కసారి కూడా చూడలేదు.

అద్దం నేను కడుక్కుంటాను. తెర తీశాకే హారతి అన్న మాట దానికి ఎవరు చెప్పారో మీరు రాయండి.