అందరికీ ఒకే మగ్గు

ఫిబ్రవరి 8
మేడ మీద పాత పెయింట్ డబ్బాలు, ఒక పగిలిన నీళ్ళ డ్రమ్ము. మట్టి అంతా నేనే మోశాను. టమాటా, బెండ, పుదీనా, బంతి, కలబంద. డ్రమ్ములో సొర. మార్కెట్లో మందు కొట్టిన కూరల మీద ఈ రోజు నుంచి యుద్ధం! నేను పంచే కరపత్రాల్లో రాసింది ఎవరో ఒకరు చేసి చూపించాలి కదా. ఆ ఎవరో నేనే.

ఫిబ్రవరి 9
మేడకు సరిగ్గా కింద వాటాలో ఉండే ఓనర్ అంకుల్ పైకొచ్చాడు. స్లాబు నానిపోతుందట. భూమి గురించి ఉపన్యాసం అందుకున్నాను. నా గొంతు లేచింది, ఆయనదీ లేచింది. నాన్న మధ్యలో దూరి బేరం కుదిర్చాడు. వానలు మొదలయ్యేలోగా కూరకు పనికొచ్చేది ఒక్కటైనా కాయాలి. లేదంటే డబ్బాలన్నీ నేనే దించెయ్యాలి. ఒక్కటేమిటి, బస్తా కాయిస్తాను.

ఫిబ్రవరి 17
సొర మొలిచింది! గింజ టోపీ ఇంకా నెత్తినే ఉంది. నాన్నమ్మను రెక్క పట్టుకుని మేడెక్కించాను. ఇంతోటి దానికా నా మోకాళ్ళు అరగదీశావు అని తిట్టింది. తిట్టి, దాని ముందే కూలబడింది. ఎంతకీ లేవదే!

మార్చి 3
నా మేడ మీద పక్షపాతం ఉండదు. చిన్నా పెద్దా, పువ్వూ కాయా, అందరికీ రోజూ ఒకే మగ్గు నీళ్ళు. పిట్టగోడ మీద సుద్దముక్కతో రాసేశాను కూడా.

మార్చి 29
పుదీనా మాడింది. సొర పొద్దెక్కేసరికి తల వేలాడేస్తోంది. కలబంద కుళ్ళింది. కలబంద! విత్తనాల కొట్టుకెళ్ళి, నాసిరకం అంటగట్టాడని నలుగురిలో కొట్టాయన్ని కడిగేశాను. నీళ్ళు ఎన్ని పోస్తున్నావని అడిగాడు. మాట మార్చొద్దన్నాను.

ఏప్రిల్ 2, మధ్యాహ్నం
అన్యాయం ఇంట్లోనే ఉంది. అమ్మ నాన్నకు నాలుగు గరిటెలు, నాకు మూడు, నాన్నమ్మకు ఒకటి వడ్డిస్తుంది. ఇన్నాళ్ళూ ఎలా ఊరుకున్నాను? అడిగేశాను. అమ్మ అందరికీ రెండేసి వేసి, గిన్నె మూత పెట్టేసింది. పొద్దుటినుంచి గ్యారేజీలో లారీల కింద దూరి వచ్చిన నాన్న, ఖాళీ కంచం చూసుకుంటూ కూచున్నాడు. నాన్నమ్మ సగం తినలేక ఆయన కంచంలోకి తోసేసింది. తోస్తూ నాతో అంది:
"నేనూ నీ కలబందలాంటిదాన్నేనే. నన్నూ కుళ్ళబెట్టకు."
చెయ్యి కడుక్కోకుండా మేడ మీదికి పరిగెత్తాను.

ఏప్రిల్ 2, సాయంత్రం
డబ్బా డబ్బాకీ వేలు గుచ్చి చూశాను. ఒకటి బురద, ఒకటి బూడిద. సొరకు రెండు బకెట్లు పోస్తే గటగటా తాగేసింది. గోడ మీద రాత చెరిపేశాను. కొట్టాయనకు సారీ చెప్పాలి. రేపు. కాదు, ఇప్పుడే.

ఏప్రిల్ 24
సొర పిట్టగోడ ఎక్కి అవతలికి దూకింది! దూకనీ!

మే 19
బెండకు పురుగు. టమాటా పూతంతా ఎండకు రాలింది. సొరకు అన్నీ మగ పూలే, పనీపాటా లేని వెధవలు.

జూన్ 6
మబ్బు పట్టింది.

జూన్ 7
వాన. ఇచ్చిన మాట మాటే. మొదటి డబ్బా దించుతూ ఓనర్ వాళ్ళ గుమ్మం దాటుతుంటే ఆంటీ తలుపు తీసింది. ఏంటే ఆ చప్పుడు అని, చెయ్యి పట్టుకుని వంటింట్లోకి లాక్కెళ్ళింది.
కిటికీ అవతల సొరకాయ! నా మోచేయంత! మేడ మీంచి దిగిన తీగ వాళ్ళ కిటికీ ఊచలకు చుట్టుకుంది. కాయ బరువుకు తెగకుండా ఎవరో దాన్ని టైతో ఊచలకు కట్టారు. అంకులేనట. ఆఫీసు మానేశాక ఆ టైకి ఇప్పటికి పని దొరికిందట. రోజూ టీ తాగకముందే ఎంత పెరిగిందో జానతో కొలుస్తాడట. నాకెందుకు చెప్పలేదంటే, చెబితే ఉపన్యాసం వినాల్సొస్తుందనట. అంకుల్ పేపరు వెనక నుంచి ముఖం తియ్యలేదు.
ఏడుపొచ్చింది. నవ్వొచ్చింది. డబ్బా ఎత్తుకుని మళ్ళీ పైకి పరిగెత్తాను.

జూన్ 11
కాయ కోశాం. రెండిళ్ళకీ సగం సగం అన్నాను. ఆంటీ నా చేతిలోంచి కత్తి లాక్కుంది.
"మీరు నలుగురు, మేం ఇద్దరం."
డబ్బాల ఊసు ఎవరూ ఎత్తలేదు. టై ఇంకా ఊచకే ఉంది.